బలానికి లొంగని చిన్న స్క్రూ

పొలం మోటారు మీద ఏళ్ల తరబడి వానకు తడిసి ఎండకు ఎండి బిగుసుకుపోయిన బోల్టుకు కాస్త కిరోసిను పట్టించి, పెద్ద పానా వేసి గట్టిగా లాగితే చివరికి కదులుతుంది. అదే చేయి, బీరువాలో భద్రంగా దాచిన పాత ఫిల్ము కెమెరా పైమూత స్క్రూ మీద అంతే పట్టుదల చూపిస్తే ఫలితం తారుమారవుతుంది. స్క్రూ కదలదు, దాని తల మీది గాడి మాత్రం అరిగి నున్నగా తేలుతుంది. రెండూ ఉక్కువే. రెండింటికీ ఉన్నది మరచుట్లే. పైగా కెమెరా ఏనాడూ వానలో తడిసి ఉండదు. అయినా పెద్దది లొంగుతుంది, చిన్నది మొండికేస్తుంది. దీనికి అందరూ చెప్పే కారణం చేతికి పనితనం లేకపోవడం. ఆ మాట సగమే నిజం. ఆ కొలతలో లోహం నడిచే తీరే వేరు. పెద్ద బోల్టు దగ్గర మనం బలం పెంచి గెలుస్తాం. చిన్న స్క్రూ దగ్గర గెలవాలంటే దాన్ని పట్టుకున్నదేమిటో తెలుసుకుని, ముందు ఆ పట్టు తగ్గించాలి. నెల్లూరు తీరం లాంటి చోట ఈ తేడా తెలియకపోతే ఒక మంచి కెమెరా ఒక్క నిమిషంలో పనికిరాకుండా పోతుంది.

చేయి పెద్దది, లోహం చిన్నది

పాత జపాను కెమెరాల్లో ఎక్కువగా కనిపించే స్క్రూల మందం 1.4, 1.7, 2 మిల్లీమీటర్లు. 1976 నుంచి 1997 వరకు తయారైన పెంటాక్స్ కె1000 గానీ, 1966లో మార్కెట్లోకి వచ్చిన యాషికా ఎలక్ట్రో 35 గానీ విప్పి చూస్తే పళ్లెం నిండా ఇలాంటివే తేలతాయి. 1.7 మిల్లీమీటర్ల స్క్రూలో ఒక మరచుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం మామూలుగా 0.35 మిల్లీమీటరు. చుట్టు ఎత్తు 0.2 మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కెమెరా మూతను ఏళ్ల తరబడి పట్టి ఉంచేది అంత సన్నని లోహపు అంచు. దాన్ని విప్పడానికి దిగేది మాత్రం బిందె ఎత్తే చేయి, పానా తిప్పే చేయి.

కడ్డీ మందం సగానికి తగ్గితే, మెలిపెట్టినప్పుడు విరగకుండా నిలిచే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. మందం నాలుగో వంతైతే ఆ శక్తి 64వ వంతే మిగులుతుంది. మోటారు సైకిలు మీద మామూలుగా కనిపించే 6 మిల్లీమీటర్ల బోల్టు పక్కన 1.5 మిల్లీమీటర్ల స్క్రూను పెట్టి చూస్తే లెక్క ఇదే. నిజానికి తుప్పు పట్టు కూడా కొలతతో పాటు తగ్గుతుంది కాబట్టి, బోల్టుకూ స్క్రూకూ పోటీ సమానమేనని వాదించవచ్చు. ఆ వాదనలో మరచిపోయేది మన చేతినే. దాని బలం కొలతను బట్టి తగ్గదు. పెద్ద బోల్టు దగ్గర ముందు అలిసిపోయేది చేయి, కాబట్టి లోహం బతుకుతుంది. చిన్న స్క్రూ దగ్గర చేతికి శ్రమ అనిపించక ముందే లోహం హద్దు దాటిపోతుంది. విప్పడానికి చాలినంత బలానికీ విరగ్గొట్టే బలానికీ మధ్య తేడా వేలి కొసకు కూడా అందనంత చిన్నది.

ఇంకో తేడా పట్టు దొరికే చోటులో ఉంది. బోల్టు తల కాడ కన్నా వెడల్పు. దాన్ని పానా బయటి నుంచి చుట్టి పట్టుకుంటుంది. చిన్న స్క్రూను తలలో తవ్విన గాడిలోంచి, అంటే లోపలి నుంచి తిప్పాలి. ఆ గాడి గోడలు అతి పలచన. స్క్రూడ్రైవరు మొన గాడిలో 0.1 మిల్లీమీటరు వదులుగా కూర్చుంటే పెద్ద స్క్రూకు అదొక లెక్కే కాదు. చిన్నదానికి అది గాడిలో పెద్ద వాటా. అప్పుడు బలమంతా గోడ మీద పరుచుకోకుండా ఒక అంచు మీద పడుతుంది. అంచు అక్కడే చితికిపోతుంది.

స్టార్ మొనలన్నీ ఒకటి కావు

మన మెకానిక్కులు స్టార్ అని పిలిచే గాడిలో అన్నిటికన్నా పేరున్నది ఫిలిప్స్ రకం. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన హెన్రీ ఫిలిప్స్ దీనికి 1936లో పేటెంట్ పొందాడు. దీని గోడలు నిటారుగా ఉండవు, లోపలికి పోయేకొద్దీ సన్నబడతాయి. అందువల్ల తిప్పే బలంలో కొంత మొనను పైకి నెట్టే బలంగా మారుతుంది. జపాను కెమెరాల్లో వాడిన స్టార్ గాడి చూపుకు ఇలాగే ఉంటుంది గానీ, అది జపాను ప్రమాణం ప్రకారం చేసినది. ఫిలిప్స్ మొన మూలలు కాస్త గుండ్రంగా ఉండటం వల్ల అది జపాను గాడిలో అడుగు దాకా దిగదు, పైపైనే కూర్చుంటుంది. మామూలు స్టార్ స్క్రూడ్రైవరుతో కెమెరా స్క్రూ తల పోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. జపాను ప్రమాణపు మొనలు కలిగిన డ్రైవర్లు విడిగా దొరుకుతాయి. కెమెరా విప్పాలనుకున్నవారు మొదట కొనవలసింది అవే.

పాత జర్మనీ కెమెరాల్లో ఒకే అడ్డగాడి ఉన్న స్క్రూలు ఎక్కువ. వాటి చిక్కు వేరు. అంగట్లో దొరికే చదును డ్రైవరు మొన చీలలా, కిందికి సన్నగా, పైకి మందంగా ఉంటుంది. గాడిలో పెట్టి తిప్పితే అది గాడి పై అంచులనే తాకి, జారి పైకి ఎక్కుతుంది. పక్కలు రెండూ సమాంతరంగా ఉండి, గాడి పొడవునూ వెడల్పునూ పూర్తిగా నింపే మొన అయితేనే బలం అడుగున పడుతుంది. గడియారాలు బాగుచేసేవాళ్లు కొత్త డ్రైవరు కొన్నా, పని మొదలుపెట్టే ముందు దాని మొనను సానరాయి మీద గాడికి సరిపడా అరగదీసుకునేది ఇందుకే.

మొన సరిపోయాక చేతి ఒత్తిడిలో ఎక్కువ భాగం కిందికి నొక్కడానికి, కొద్ది భాగమే తిప్పడానికి పోవాలి. డ్రైవరు పిడి పైన తిరిగే బిళ్ల మీద చూపుడు వేలు ఆనించి నొక్కుతూ, బొటనవేలు, మధ్యవేలు కొసలతో మాత్రమే తిప్పితే ఈ నిష్పత్తి దానంతటదే కుదురుతుంది. పిడిని గుప్పిట పట్టి తిప్పితే తప్పుతుంది.

కొడవలూరు గాలిలో ఉన్నదేమిటి

కొడవలూరు నెల్లూరుకు ఉత్తరాన, విజయవాడ వైపు పోయే రైలు మార్గం మీద ఉన్న ఊరు. చుట్టూ వరి మళ్లు. తూర్పున విడవలూరు మండలం, ఆపైన సముద్రం. తీరం వెంట రొయ్యల చెరువులు, ఈశాన్యాన ఇస్కపల్లి వైపు ఉప్పు మళ్లు. ఈ ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర ఆరిపోగా మిగిలిన ఉప్పు రేణువులు గాలితో లోపలి ఊళ్లకూ చేరతాయి. ఒడ్డు నుంచి దూరం పెరిగేకొద్దీ వాటి మోతాదు వేగంగా తగ్గుతుంది గానీ సున్నా కాదు. ఇంటి ఇనుప కిటికీలే దానికి సాక్ష్యం.

ఉప్పుతో వచ్చే అసలు చిక్కు దాని తేమ దాహం. గాలిలో సాపేక్ష తేమ సుమారు 75 శాతం దాటితే, మనం వంటలో వాడే ఉప్పే గాలిలోని ఆవిరిని పీల్చుకుని తనంతట తాను ద్రవంగా మారుతుంది. వానాకాలం రాత్రుల్లో ఈ తీరంలో తేమ ఆ గీత దాటడం మామూలే. అంటే స్క్రూ తల చుట్టూ ఉన్న సన్నని సందులో చేరిన రేణువు రాత్రి ఉప్పునీటి చుక్క అవుతుంది, పగలు ఎండిపోతుంది, మళ్లీ రాత్రికి చుక్క అవుతుంది. ఒక్క చుక్క వాన పడకుండానే ఆ సందు ఏళ్ల తరబడి తడిసి ఆరుతూ ఉంటుంది.

ఆ చుక్కకు రెండు పక్కలా వేర్వేరు లోహాలు ఉంటాయి. స్క్రూ ఉక్కుది, అది దిగిన కెమెరా ఒడలు చాలావాటిలో అల్యూమినియం పోత. రెండు భిన్న లోహాల మధ్య ఉప్పునీరు చేరితే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. అందులో కరిగిపోయేది అల్యూమినియం. కరిగి ఊరుకోదు, తెల్లటి పొడిగా మారి, తాను లోహంగా ఉన్నప్పటి కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరచుట్ల మధ్య ఖాళీ చోటు లేదు కాబట్టి ఆ పొడి స్క్రూను నాలుగు పక్కల నుంచి నొక్కి పట్టుకుంటుంది. పొడి వాతావరణంలో పెరిగిన కెమెరాలను చూసి రాసిన మరమ్మతు పుస్తకాలు మూడు స్క్రూలు తీసి మూత ఎత్తండి అని ఒక్క వాక్యంలో ముగిస్తాయి. తీర ప్రాంతపు కెమెరాకు ఆ వాక్యం చాలదు.

> బాక్సు: పట్టుకున్నదెవరో రంగు చెబుతుంది
>
> భూతద్దంతో స్క్రూ తల చుట్టూ చూడండి.
>
> తెల్లటి పొడి ఉంటే అల్యూమినియం తినివేత. మరచుట్లు లోపల నొక్కుకుపోయి ఉంటాయి.
>
> పచ్చటి చిలుము ఉంటే ఇత్తడి తినివేత. తోలు తొడుగు కింద ఇది ఎక్కువ.
>
> ఎర్రటి గోధుమరంగు ఉంటే ఉక్కు తుప్పు. స్క్రూయే బలహీనపడి ఉండవచ్చు.
>
> ఎండిన రంగు చుక్క మెరుస్తూ కనిపిస్తే తుప్పు కాదు. స్క్రూ కదలకుండా ఫ్యాక్టరీలో వేసిన లక్క.
>
> ఏమీ కనిపించక, బిగువుగా ఉంటే గట్టిపడిన పాత గ్రీజు కావచ్చు, లేదా అది ఎడమ మర స్క్రూ కావచ్చు.

ఒక్కో పట్టుకు ఒక్కో విడుపు

లక్క పట్టుకున్న స్క్రూను ఎంత నొక్కి తిప్పినా లాభం లేదు. సూది కొసతో ఒక చుక్క అసిటోన్ గానీ థిన్నరు గానీ తల అంచున పెట్టి, కొన్ని నిమిషాలు ఆగితే లక్క మెత్తబడుతుంది. అసిటోన్ ప్లాస్టిక్కునూ రంగునూ కూడా కరిగిస్తుంది కాబట్టి చుక్క అంటే చుక్కే. గట్టిపడిన గ్రీజుకు లైటరులో వాడే నాఫ్తా లాంటి, త్వరగా ఆవిరైపోయే ద్రావణి చాలు.

తుప్పు, తెల్లపొడి కరగవు. వాటిని పగలగొట్టాలి. అవి గట్టివే గానీ పెళుసు, కాబట్టి నిలకడగా వేసే బలం కన్నా చిన్న కదలిక వాటిని త్వరగా పగలగొడుతుంది. ఇక్కడ వేడి మంచి సాధనం. టంకం పెట్టే ఐరన్ కొసను స్క్రూ తల మీద కొన్ని సెకన్లు ఆనిస్తే ముందు స్క్రూ వేడెక్కి వ్యాకోచిస్తుంది. 1.7 మిల్లీమీటర్ల ఉక్కు 100 డిగ్రీలు వేడెక్కితే దాని మందం పెరిగేది సుమారు 2 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో 500వ వంతు. కంటికి కనిపించదు. మరచుట్ల మధ్య ఇరుక్కున్న పెళుసు పొడికి మాత్రం అది చాలు, నలిగి బీటలు వారుతుంది. చల్లారాక స్క్రూ మళ్లీ పాత కొలతకు వస్తుంది, పొడి రాదు. ఇంకొంత సేపు ఉంచి వేడి ఒంటికీ పాకనిస్తే ఇంకో మేలు జరుగుతుంది. అల్యూమినియం ఉక్కు కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రమే వదులవుతుంది. తరవాత మొదటి కదలిక విప్పే వైపు కాకుండా బిగించే వైపు, వెంట్రుకవాసి మాత్రమే ఇవ్వాలి. ఆపైన విప్పే వైపు, మళ్లీ బిగించే వైపు. అటూ ఇటూ కదిలిన ప్రతిసారీ పొడి నలిగి చోటిస్తుంది. పక్కన లెన్సు గానీ ప్లాస్టిక్కు గానీ ఉంటే ఈ పద్ధతి పనికిరాదు.

ఎడమ మర స్క్రూల సంగతి విడిగా చెప్పాలి. ఫిల్ము తిప్పే మీట కింద, పళ్ల చక్రాల మీద కొన్ని స్క్రూలు వ్యతిరేక దిశలో విప్పుకుంటాయి. మీట తిరిగే దిశలోనే మామూలు స్క్రూ వదులయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి తయారీదారులు కావాలనే మరచుట్టును తిరగేశారు. వీటిని విప్పుతున్నామనుకుని బిగిస్తే తల తెగుతుంది. తిరిగే భాగం నడిమధ్య ఒంటరిగా ఉన్న స్క్రూ ఏదైనా మొండికేస్తే, బలం పెంచకముందే రెండో దిశలో మెల్లగా ప్రయత్నించి చూడాలి.

తల తెగి, కాడ ఇత్తడి పలకలో ఉండిపోతే గడియారాల పనివాళ్ల పద్ధతి ఒకటుంది. మంగలి దుకాణంలోనూ, నీళ్లు తేర్చడానికి ఇంట్లోనూ వాడే పటికను వేడినీటిలో కరిగినంత కరిగించి, ఆ పలకను అందులో ఉంచుతారు. పటిక నీళ్లు ఆమ్ల గుణం కలవి. అవి ఉక్కును నెమ్మదిగా తినేస్తాయి, ఇత్తడిని దాదాపు ముట్టుకోవు. గంటలు, ఒక్కోసారి రోజులు పట్టవచ్చు. చివరికి స్క్రూ నల్లటి మడ్డిగా మారి రాలిపోతుంది, ఇత్తడిలోని మరచుట్లు చెక్కుచెదరవు. పలక మీద ఇంకే ఉక్కు భాగమూ లేకుండా ముందే విప్పేయాలన్నదొక్కటే షరతు. ఈ వ్యాసం వాదనకు ఇంతకన్నా మంచి రుజువు దొరకదు. ఏ బలానికీ కదలని స్క్రూను ఇక్కడ బలమే వాడకుండా తీసేస్తున్నాం.

విప్పాక ఎగిరిపోయేది ఎందుకు

బయటికి వచ్చిన స్క్రూ ఇంకో రకంగా సతాయిస్తుంది. 1.4 మిల్లీమీటర్ల పొట్టి స్క్రూ బరువు 40 మిల్లీగ్రాముల చిల్లర, అంటే నెల్లూరు సన్నబియ్యం గింజలు రెండు మూడు కలిస్తే ఎంతో అంత. కొలత తగ్గేకొద్దీ బరువు చాలా వేగంగా తగ్గిపోతుంది. వేలి జిడ్డు, నూనె పొర లాగే బలం అంత వేగంగా తగ్గదు. అందుకే ఇంత చిన్న వస్తువు బరువుకు కింద పడకుండా వేలికి అంటుకుని వస్తుంది, అక్కరలేని చోట రాలుతుంది. పట్కారుతో గట్టిగా నొక్కితే ఆ ఒత్తిడంతా, స్క్రూ గుండ్రని అంచు జారిన క్షణంలో, వేగంగా మారుతుంది. అంత తేలిక వస్తువుకు ఆ శక్తి గది దాటించడానికి చాలు.

దీనికి విరుగుళ్లు సులువైనవి. ఫ్యాను ఆపాలి. అంచులున్న పళ్లెంలో లేతరంగు గుడ్డ పరిచి, దాని మీదే పని చేయాలి. పట్కారును స్క్రూ జారనంత మట్టుకే నొక్కాలి. కొస అయస్కాంతమైన డ్రైవరు ఉక్కు స్క్రూను చక్కగా పట్టుకుంటుంది గానీ, కె1000లో లాగా ముల్లు కదిలే కాంతి మీటరు ఉన్న కెమెరాలో దాన్ని మీటరుకు దూరంగా ఉంచాలి. ఆ ముల్లును కదిపేది కూడా అయస్కాంతమే.

తీసిన స్క్రూలన్నీ ఒకే గిన్నెలో వేయడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ఒకే మూతకు ఉన్న మూడు స్క్రూల పొడవులు మూడు రకాలు కావచ్చు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది పెడితే దాని కొస లోపలి పళ్ల చక్రాన్ని అడ్డుకుంటుంది. అట్ట మీద కెమెరా బొమ్మ గీసి, తీసిన చోటే స్క్రూను గుచ్చితే ఈ బెడద ఉండదు.

> బాక్సు: తిరిగి బిగించేటప్పుడు
>
> స్క్రూను రంధ్రంలో నిలబెట్టి ముందు విప్పే వైపు మెల్లగా తిప్పండి. ఒకచోట అది చిన్నగా 'టక్' మని కిందికి దిగుతుంది. రెండు మరచుట్ల మొదళ్లు కలిసిన చోటు అదే. అక్కడి నుంచి బిగించండి. ఇలా చేస్తే అడ్డంగా ఎక్కి మెత్తని అల్యూమినియం మరను కోసేయదు. తల ఆనగానే వేలి కొసలతో ఇంకాస్త బిగించి ఆపండి.

ఎదురు ప్రశ్నలు

కిరోసినో, కొబ్బరినూనో, తుప్పు వదిలించే స్ప్రేనో కొడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మోటారు బోల్టుకు సరిపోతుంది. కెమెరాలో నూనె పోసిన చోట ఉండదు. సన్నని సందుల వెంట తనంతట తాను పాకుతుంది. కాగితం లాంటి షట్టరు రేకుల మధ్యకు చేరితే అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. సెకనులో 500వ వంతులో తెరుచుకుని మూసుకోవలసిన రేకులు బద్ధకంగా కదులుతాయి. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది. తప్పనిసరైతే కెమెరాను తలకిందులుగా పట్టి, నూనె లోపలికి జారే వీలు లేని స్క్రూకు మాత్రం సూది కొసతో ఒక చుక్క పెట్టవచ్చు.

పాత స్క్రూలు పారేసి తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలువి వేస్తే పోలేదా అన్నది రెండో ప్రశ్న. స్టెయిన్‌లెస్ తాను తుప్పు పట్టదు గానీ, ఉప్పునీటి సాక్షిగా అల్యూమినియాన్ని తినే పని మామూలు ఉక్కులాగే, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువగా చేస్తుంది. స్క్రూ మెరుస్తూ ఉంటుంది, దాని చుట్టూ కెమెరా ఒడలు పొడవుతుంది. కొత్త స్క్రూ పోయినా మళ్లీ దొరుకుతుంది, ఒంట్లోని మర పోతే దొరకదు.

పాతకాలం మెకానిక్కులు ఇవేవీ చదవకుండానే బాగుచేశారు కదా అన్న మాటలో గౌరవం ఉంది, నిజమూ ఉంది. అయితే వాళ్లు చేసిందేమిటో గమనించాలి. మొనను గాడికి తగ్గట్టు అరగదీసుకున్నారు, లక్కను థిన్నరుతో కరిగించారు, రాని స్క్రూను మర్నాటికి వదిలేశారు. పేర్లు పెట్టకపోయినా పట్టు తగ్గించే పనే చేశారు.

ఇంత కష్టం ఈ కెమెరాలకు అవసరమా అన్నది చివరి ప్రశ్న. బ్యాటరీ లేకపోయినా కె1000 షట్టరు పనిచేస్తుంది. బ్యాటరీ కావలసింది దాని కాంతి మీటరుకే. చక్రాలు, స్ప్రింగులు, మీటలతో పనిచేసే యంత్రాన్ని విప్పి మళ్లీ నిలబెట్టవచ్చు. ఒక చిప్పు కాలిపోయిన వస్తువుకు ఆ అవకాశం లేదు. మనిషి చేతికి, కంటికి అందే చివరి తరం సున్నితమైన యంత్రాల్లో ఇవి ఉన్నాయి. మన ఇళ్లలో గోడలకెక్కిన పెళ్లి ఫొటోలు, తాతల ఫొటోలు ఇలాంటి కెమెరాలే తీశాయి. వాటిని పనిచేసే స్థితిలో ఉంచుకోవడం, ఆ యంత్రాలు ఎలా పనిచేస్తాయో మన పిల్లలకు విప్పి చూపించగలగడం దండగ పని కాదు.

రాకముందే ఆపడం

తీరం దగ్గర ఉన్నవారికి మరమ్మతు కన్నా నిల్వే ముఖ్యం. కెమెరాను తోలు కవరులో పెట్టి దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది. చాలామంది చేసినట్టు బియ్యం డబ్బాలో కూడా పెట్టకండి. బియ్యంలోనే 12 నుంచి 14 శాతం తేమ ఉంటుంది, తవుడు సందుల్లోకి చేరుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచి, జెల్ రంగు మారినప్పుడల్లా వేడిచేసి తిరిగి వాడండి. లోపలి తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే ఉప్పు రేణువు రేణువుగానే ఉండిపోతుంది. ఎన్నేళ్లుగానో వాడని కెమెరాలోంచి బ్యాటరీ ఈరోజే తీసేయండి. సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్లి వచ్చిన రోజు నీళ్లతో కాస్త తడిపి పిండిన మెత్తటి గుడ్డతో ముందు ఉప్పు తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి.

విప్పవలసి వస్తే ముందు భూతద్దంతో చూడండి, సరిపోయే మొన దొరికేదాకా మొదలుపెట్టకండి. వేలి కొసల బలానికి స్క్రూ రాకపోతే అక్కడ ఆగండి. ఆగినందువల్ల ఏ కెమెరా పాడవదు, మరుసటి రోజు ఇంకో దారిలో ప్రయత్నించవచ్చు, తెలిసినవారి చేతికి ఇవ్వవచ్చు. తల పోయిన స్క్రూ మాత్రం ఆ రెండు అవకాశాలనూ కష్టం చేస్తుంది.